కన్ను పక్కన రెండు

"మీ అన్నయ్య ఆ సాయంత్రం ఒంటరిగా ఉంటాడని ఎవరెవరికి తెలుసమ్మా?"

డిటెక్టివ్ అడిగి ఆగాడు. ఆమె అతని ముఖం వైపు చూడలేదు, చేతిలోని ఫోన్ వైపు చూసింది. గోడకు బిగించిన సాసరంత గుండ్రటి పరికరం అతని మాటను విని, అక్షరాలుగా మార్చి ఆ ఫోన్ తెర మీద పెట్టింది. ఆమె చదువుకుని తలెత్తింది.

"ఇద్దరికే సార్. అన్నయ్యకీ, నాకూ."

గొంతు ఎగుడుదిగుళ్లు లేకుండా ఒకే మట్టంలో సాగింది. పన్నెండో ఏట వచ్చిన జ్వరం ఆమె వినికిడిని తీసుకుపోయి మాటను మాత్రం వదిలేసింది. ఆ చెల్లెలి కోసమే అన్న ఈ యాప్ తయారుచేశాడు. పేరు తోడుచెవి. గదిలో ఎవరు మాట్లాడినా రాసి చూపిస్తుంది. బెల్లు మోగినా, కుళాయి కారినా, గిన్నె కింద పడినా చెబుతుంది. చెల్లెలికి పనికొచ్చింది కదా అని అందరికీ ఇచ్చాడు. వినపడనివాళ్లు వేలమంది ఫోన్లలో పెట్టుకున్నారు.

మూడు రోజుల కిందట, ఉదయం, ఆ యాప్‌ను స్టోర్‌లోంచి తీసేశారు. అదే సాయంత్రం అన్న ఈ కారిడార్ చివర ఉన్న ఇనుప మెట్ల మీద నుంచి నాలుగంతస్తుల కిందికి పడి చనిపోయాడు. ఎల్లుండి పోటీ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం చెప్పాల్సి ఉంది. పెద్ద కంపెనీలు చిన్నవాళ్లను నలిపేస్తున్నాయా అని విచారించే కమిషన్ అది. తన సాక్షి ఎలా పోయాడో తెలుసుకురమ్మని డిటెక్టివ్‌ను పంపింది. చెల్లెలు అన్న స్థానంలో నిలబడితే కేసు నిలుస్తుంది, లేకపోతే ఎల్లుండితో కొట్టేస్తారు.

కిటికీ పక్క స్టూలు మీద ఇన్‌స్పెక్టర్ నారింజపండు ఒలుచుకుంటున్నాడు. ఫైలు ఎంత లావుగా ఉన్నా మూడు రోజుల్లో మూసేస్తాడని డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని ఫుల్‌స్టాప్ అంటారు. ఆ పేరు ఆయనకూ తెలుసు, కాస్త గర్వం కూడా. ఇప్పుడు పెద్దగా ఆవలించాడు.

ఆమె పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. ఫోన్ తిప్పి చూపించింది. 'ఆవలింత' అని ఉంది.

"ఇదీ రాస్తుందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నయం, లోపల అనుకునేవి రాయదు."

డిటెక్టివ్ వంగి తెర చూశాడు. తన ప్రశ్న, ఆమె జవాబు, ఆవలింత, అన్నీ వరసగా ఉన్నాయి. పైన మూలలో చిన్న కన్ను బొమ్మ, దాని పక్కన 2 అంకె.

"ఇదేమిటమ్మా?"

"ఈ గది మాటల్ని ఎన్ని ఫోన్లు చదువుతున్నాయో చెబుతుంది. ఒకటి నాది, ఒకటి అన్నయ్యది." ఆగింది. "మూడు రోజులుగా రెండు అనే చూపిస్తోంది. చూస్తుంటే, ఎక్కడో కూర్చుని వాడూ చదువుతున్నట్టే ఉంటుంది. అందుకే దాన్ని ముట్టుకోలేదు."

మనిషికి ఎక్కడెక్కడ ఊరట దొరుకుతుందో అనుకున్నాడు డిటెక్టివ్. ఆ అంకె గురించి ఇంకేమీ అడగలేదు.

"మిగతా రోజుల్లో ఆయన ఒంటరిగా ఉండరా?"

"రాత్రి దాకా ఇక్కడే ఉంటాను. ఆ రోజు అత్తయ్యకి జ్వరం. అందుకని పెందలాడే వెళ్తున్నానని ఇక్కడే, ఈ కుర్చీలో కూర్చునే అన్నయ్యకి చెప్పాను. బయట ఎవరికీ చెప్పలేదు. నేను వెళ్లిన అరగంటకే..."

డిటెక్టివ్ మాట మార్చాడు.

"లాప్‌టాప్ పోయిందన్నారు."

"అదొక్కటే. కానీ దాంట్లో ఏమీ లేదు సార్. అసలుది అన్నయ్య పాత ఫోన్. యాప్ పాస్‌వర్డ్ తాళంతో ఏ రోజు ఏ ఫోన్ లోపలికొచ్చిందో మొదటినుంచీ అందులోనే చూసుకునేవాడు. కమిషన్‌కి చూపిస్తానన్నది దాన్నే."

"అదెక్కడుంది?"

"మా అత్తయ్య దగ్గర. పేకాట ఆడుకుంటుంది అందులో."

ఇన్‌స్పెక్టర్ నారింజ తొన నోట్లో పెట్టుకోబోయి ఆగి, "బాగుంది. కోటి రూపాయల సాక్ష్యం ముసలావిడ పేకముక్కల కింద," అన్నాడు.

"సాయంత్రం నేనే వెళ్లి తీసుకుంటాను," అన్నాడు డిటెక్టివ్. "ఇల్లెక్కడమ్మా?"

"బస్ డిపో వెనక వీధి, టైలర్ షాపు మీద వాటా. కానీ మిమ్మల్ని లోపలికి రానివ్వదు. మా ఆయన డ్యూటీకి వెళ్తే రాత్రికి గానీ రారు, ఒక్కతే ఉంటుంది. కొత్తవాళ్లెవరొచ్చినా తలుపు తీయదు." కొంచెం ఆలోచించింది. "పాలు పొంగలేదు అని చెప్పండి. తీస్తుంది."

"పాలా?"

"పెళ్లయిన కొత్తలో రోజూ పాలు పొంగబెట్టేదాన్ని. చప్పుడు వినపడదు కదా. అత్తయ్య అక్కణ్ణుంచి అరిచేది, నాకు అదీ వినపడదు. అన్నయ్య ఈ పరికరానికి మొట్టమొదట నేర్పింది పాలు పొంగే చప్పుడే. అది పనిచేసిన రోజు అత్తయ్య వీధి వీధంతా తిరిగి చెప్పింది, మా కోడలు పాలు పొంగలేదని. ఆ మాట మా ఇంట్లోవాళ్లకే తెలుసు." తల వంచుకుంది. "ఆవిడ ఇప్పటికీ నాతో అరిచే మాట్లాడుతుంది సార్. వినపడదని తెలుసు. అయినా ఏదో ఒక రోజు వినపడుతుందని. అలా అరిచి అరిచి అందరితోనూ అదే అలవాటైపోయింది."

కింద కారు ఆగిన చప్పుడైంది. ఆమె ఫోన్ చూసి, "ఎవరో వచ్చారు," అంది, వినిపించినవాళ్లందరికంటే క్షణం ఆలస్యంగా.

*

వచ్చినవాళ్లు ఇద్దరు. ముందు వచ్చినాయన స్టోర్ కంపెనీలో యాప్‌ల పరీక్ష విభాగానికి అధిపతి. స్టోర్‌లోకి ఏ యాప్ రావాలో, ఏది పోవాలో ఆయన సంతకంతో తేలుతుంది కాబట్టి యాప్‌లు చేసేవాళ్లందరూ ఆయన్ని తలుపు అంటారు. జిప్పు వేయని సంచీ, జేబు మీద సిరా మరక, కుర్చీలో కూర్చోగానే కింద పడిన పెన్ను మూత. వెనక వచ్చిన సన్నటి మనిషి వంగి ఆ మూత తీసి, పెన్నుకు పెట్టి, బల్ల మీద ఉంచాడు.

"వీరు?" అన్నాడు డిటెక్టివ్.

"మా కంపెనీ భద్రత చూసుకుంటారు," అన్నాడు తలుపు.

"ఊరికే తోడొచ్చాను," అన్నాడు సన్నటి మనిషి. గోడవైపు కుర్చీలో కూర్చున్నాడు.

గది నిండా మందపాటి తివాచీ పరిచి ఉంది. అడుగుల చప్పుడు పరీక్షలకు అడ్డం రాకూడదని అందరూ చెప్పులు, బూట్లు గుమ్మం బయటే విడిచి రావాలి. మేజోళ్లతో కూర్చున్న పెద్దమనుషులు బడిలో పిల్లల్లా ఉన్నారు.

"యాప్‌ను ఎందుకు తీసేశారు?" డిటెక్టివ్ మొదలుపెట్టాడు.

"భద్రత. గదిలో మాటలన్నీ వినే యాప్ అండీ. జనం ప్రైవసీ మాకు ముఖ్యం."

"రెండేళ్లుగా అమ్మింది అదే యాప్‌నా, వేరేదా?"

"రూల్స్ మారుతుంటాయి."

"సాక్ష్యం చెబుతానని కమిషన్‌కి రాసిన వారంలోనే మారిందా రూలు?"

తలుపు రుమాలు తీశాడు. "చూడండి. మాదొక అంగడి. ఏ సరుకు పెట్టుకోవాలో, ఏది తీసేయాలో మా ఇష్టం. నచ్చకపోతే ఇంకో అంగడికి వెళ్లొచ్చు."

"మీ ఫోన్ కొన్నవాడికి మీ అంగడి ఒక్కటే. ఇల్లు మారితే తప్ప కిరాణా కొట్టు మారడానికి లేదంటే దాన్ని అంగడి అనరు, జైలు కొట్టు అంటారు. అది పక్కన పెట్టండి. అంగడి మీది, వాకిలి కాపలా మీది. అదే అంగడిలో పోయిన నెల మీరే ఒక కొట్టు తెరిచారు. అచ్చం ఇలాంటి యాప్."

"మా సొంత ఇంజినీర్లు చేశారు. ఆలోచనలు ఒక్కరి సొత్తా?"

"కాదు." డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "మీది వాళ్ల ఫోనే కదా? ఆ యాప్ ఫోన్‌తోపాటే వస్తుంది. ఒకసారి తెరిచి బల్ల మీద పెట్టండి."

"కందకు లేని దురద నా ఫోన్‌కెందుకు," అని సణిగినా ఇన్‌స్పెక్టర్ తెరిచి పెట్టాడు. డిటెక్టివ్ దగ్గాడు. వయసు మళ్లినవాళ్ల దగ్గు, లోపలి నుంచి, రెండుసార్లు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తెర వెలిగింది. 'తలుపు తట్టారు.'

అప్పుడు చెల్లెలు, తన ఒకే మట్టం గొంతుతో, మొదటిసారి తలుపు అనే ఆ పెద్దమనిషి వైపు చూసి మాట్లాడింది.

"మా ఇంటి తలుపు తడుతూ అన్నయ్య ఆ చప్పుడు రికార్డు చేశాడు. వంద సార్లు తట్టాడు. తట్టిన ప్రతిసారీ లోపల మా అత్తయ్య దగ్గుతూనే ఉంది. అది విని విని మా యాప్ దగ్గునే తలుపు చప్పుడనుకుంది. తర్వాత దిద్దుకున్నాం. మీ ఇంజినీర్లు సొంతంగా చేశారన్నారు కదా. వాళ్లింట్లో కూడా మా అత్తయ్యే దగ్గుతోందా?"

"దొంగిలించినవాడు బెల్లంతోపాటు దాన్ని పట్టిన చీమల్ని కూడా ఎత్తుకెళ్లాడు," అన్నాడు డిటెక్టివ్. "స్టోర్‌లోకి రాకముందు ఈ యాప్ లోపలి సంగతులు చూసేది మీ పరీక్ష విభాగం ఒక్కటే. ఎలా చూస్తారు?"

తలుపు నుదురు తుడుచుకున్నాడు. "యాప్ పంపేవాళ్లు మాకొక పరీక్ష తాళం ఇస్తారు. ఒక పేరు, ఒక పాస్‌వర్డ్. దాంతో మా కుర్రాళ్లు తెరిచి, పనిచేస్తుందో లేదో చూస్తారు. అవగానే మర్చిపోతారు."

"మర్చిపోతారా, చెరిపేస్తారా?"

తలుపు గోడవైపు కుర్చీలోని మనిషి వంక చూశాడు.

"రూల్ ప్రకారం చెరిపేస్తాం," అన్నాడు సన్నటి మనిషి. గొంతు మెత్తగా ఉంది. "ఇంకేమీ లేకపోతే మాకు సెలవిప్పించండి. ఆయనకు బీపీ ఉంది."

"గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నారే," అన్నాడు డిటెక్టివ్. "వెళ్లండి. ఎల్లుండి కమిషన్‌లో కలుద్దాం."

"ఈవిడ వస్తే కదా," అన్నాడు తలుపు, లేస్తూ. అన్నాక తన మాటకు తానే తడబడి, సంచీ సర్దుకుని బయటికి నడిచాడు. సన్నటి మనిషి చెల్లెలికి నమస్కారం పెట్టి, గది తలుపును చప్పుడు కాకుండా మూసి వెళ్లాడు.

*

వాళ్ల కారు వెళ్లిపోయాక కూడా డిటెక్టివ్ చాలాసేపు చెల్లెలి దగ్గరే కూర్చున్నాడు. ఎల్లుండి కమిషన్‌లో ఏం అడుగుతారో, ఏం చెప్పాలో ఒక్కొక్కటే అడిగి ఆమె చేత చెప్పించాడు. ఇన్‌స్పెక్టర్ రెండో నారింజ ముగించాడు. ఆ తర్వాత ఇద్దరూ ఇనుప మెట్లు చూడడానికి బయటికి వచ్చారు.

ఉదయం డిటెక్టివ్ హడావుడిలో బూట్లు అడ్డదిడ్డంగా వదిలి వచ్చాడు. ఇప్పుడవి గుమ్మం పక్కన జతగా, మొనలు బయటికి, కాలు పెడితే దూరేలా ఉన్నాయి. పక్కనే ఇన్‌స్పెక్టర్ బూట్లు, అవీ అంతే. ఆ చెల్లెలు ఎప్పుడు సర్దిందో, ఇంత దుఃఖంలో ముసలివాడి నడుము గురించి ఎలా తోచిందో అనుకుని అతని మనసు కాస్త తేలికపడింది. బూట్లు తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని మేజోళ్లతోనే నడిచాడు.

"కాళ్లు పాడవుతాయి మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అదే చూద్దామని."

ఇనుప మెట్లు వలలా అల్లిన పట్టీలతో కట్టినవి. వానకు తడిసి, ఎండకు ఎండి, చేత్తో తాకితే పొడి రాలుతోంది. కమ్మీ నడుము ఎత్తున ఉంది. కింద సిమెంటు నేల మీద నీళ్లు కొట్టి కడిగిన జాగా ఇంకా మిగతా నేల రంగులో కలవలేదు.

"ఇంకోసారి చెబుతున్నా, వినండి," ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు. "పొద్దున్న యాప్ తీసేశారు. రెండేళ్ల కష్టం మట్టి కొట్టుకుపోయింది. సాయంత్రం చెల్లెలు వెళ్లిపోయింది. ఇక్కడికొచ్చాడు, చెప్పులు విప్పాడు, కమ్మీ ఎక్కాడు, దూకాడు. ఇదిగో ఫోటో. మీరు గదిలో ఇద్దరు పెద్దమనుషుల్ని బెదిరించి పంపేశారు. రేపు వాళ్లు పైనుంచి ఫోన్ చేయిస్తే తిట్లు నాకు, జీతం కమిషన్ దగ్గర మీకు."

ఫోటోలో పై మెట్టు మీద ఒక జత రబ్బరు చెప్పులు, పక్కపక్కన, మొనలు సమంగా ఉన్నాయి.

"చావబోయేవాళ్లు చెప్పులు విప్పిపెట్టడం నేను చాలా చూశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఈసారి గొంతు తగ్గించి. ఆ చూసినవన్నీ ఆయన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టలేదని ఆ గొంతులో తెలిసింది.

డిటెక్టివ్ పై మెట్టు మీద నిలబడ్డాడు. నాలుగడుగులు వేశాడు. వెనక్కి వచ్చి, గోడకు చెయ్యి ఆనించి, ఒక కాలు ఎత్తి అరికాలు చూపించాడు. తెల్ల మేజోడు మీద తుప్పు, వల అల్లికతో సహా, అచ్చు గుద్దినట్టు పడింది.

"మార్చురీలో నేను ఆయన కాళ్లు చూశాను. దుప్పటి పొట్టిదై పాదాలు బయటికి ఉన్నాయి. కప్పి వద్దామని దగ్గరికి వెళ్లాను. అరికాళ్లు శుభ్రంగా ఉన్నాయి. మీ డాక్టరు రిపోర్టులోనూ అదే ఉంది, మూడో పేజీలో. మీరు ఆఖరి పేజీయే చదువుతారని విన్నాను."

ఇన్‌స్పెక్టర్ ఫైల్లో మూడో పేజీ తీశాడు.

"చెప్పులు ఇక్కడ విప్పి, ఒట్టి కాళ్లతో ఈ ఇనుము మీద నడిచి, కమ్మీ ఎక్కిన మనిషి పాదాలకు తుప్పు అంటలేదు. అంటే ఆయన పాదాలు ఈ మెట్లను తాకనే లేదు. ఎవరో మోసుకొచ్చారు. చెప్పులు తర్వాత తెచ్చి పెట్టారు."

"తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఎవరితోనో అన్నట్టు. ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు, కానీ ఆ మూయడంలో మునుపటి ఖచ్చితత్వం లేదు.

గదిలోకి తిరిగి వచ్చాక డిటెక్టివ్ ఆ ఫోటో చెల్లెలికి చూపించాడు. చూపించాలా వద్దా అని గుమ్మంలో క్షణం ఆగాడు. ఆమె చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చూసి, చిన్నగా నవ్వింది.

"జతగానా? అన్నయ్యా? వాడి జన్మలో లేదు సార్. ఒకటి ఇక్కడుంటే ఒకటి కారిడార్‌లో ఉంటుంది. రోజూ నేనే వెతికిపెట్టేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"సరే. హత్య అని రాస్తాను. పై వాళ్లకి ఏం చెప్పాలో అది నా తిప్పలు. ముందు ఆయన ఫోన్ తెరిపిస్తాను. మూడు రోజులుగా మా స్టేషన్‌లో సీలేసిన కవర్లో ఉంది. కింద పడ్డప్పుడే పగిలి చచ్చింది, ఇంతవరకూ ఎవరూ ప్రాణం పోయలేదు."

చెల్లెలు ఆ మాట చదివింది. చదివి, తెర పైమూల వైపు చూసింది. ఆమె ముఖంలో రంగు మారడం డిటెక్టివ్ చూశాడు. ఆమె నోరు తెరవబోయింది.

అతను తన పెదవుల మీద వేలు పెట్టాడు.

ఫోన్ అందుకున్నాడు. చిన్న కన్ను, పక్కన 2. ఆమెదొకటి. రెండోది అన్నది కాదు.

జేబులోంచి కాగితం తీసి బల్ల మీద రాశాడు. *మీ అన్న స్టోర్ వాళ్లకిచ్చిన పరీక్ష తాళం ఏ గదిది?*

రాస్తుండగానే తెర మీద కొత్త వరస పడింది. 'పెన్ను చప్పుడు.'

అతని చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ కాగితం చూశాడు, తెర చూశాడు, ఇద్దరి ముఖాలు చూశాడు. మూడు రోజుల్లో ఫైళ్లు మూసే మనిషికి ఆ ఒక్క క్షణం చాలింది.

"ఆఁ, రాసుకోండి మాస్టారూ, మీ రిపోర్టు తీరిగ్గా రాసుకోండి," అన్నాడు గట్టిగా, విసుగ్గా. "ఇందాక హత్య అన్నానని సంబరపడకండి. చెప్పులు జతగా ఉన్నాయని ఏ కోర్టూ ఉరి వేయదు."

చెల్లెలు పెన్ను తీసుకుంది. *ఈ గదిదే. అందరూ పరీక్ష కోసం యాప్‌లో ఉత్తుత్తి గదొకటి తయారుచేసి దాని తాళం ఇస్తారు. అన్నయ్య బద్ధకించాడు. నిజం గదైతే వాళ్లకి బాగా అర్థమవుతుంది, తర్వాత మారుద్దాం అన్నాడు. మార్చలేదు.*

ఎవరికీ చెప్పని మాట హంతకుడికి ఎలా తెలిసిందో డిటెక్టివ్‌కు అప్పుడు అర్థమైంది. ఆ అన్న తన ఇంటి తాళంచెవి తానే వాకిలి కాపలావాడి చేతిలో పెట్టాడు. ఆ తాళంతో మొదట యాప్ రహస్యం తీసుకున్నారు. తర్వాత ఆయన కమిషన్ గురించి ఏమంటున్నాడో చదివారు. ఆ తర్వాత, అత్తయ్యకి జ్వరం, పెందలాడే వెళ్తున్నాను, అన్న మాట చదివారు.

ఇవాళ ఏం చదివారు?

అతను వేలితో తెరను వెనక్కి జరిపాడు. ఉదయం నుంచి ఈ గదిలో అన్న ప్రతి మాటా అక్కడుంది. అసలుది అన్నయ్య పాత ఫోన్. మా అత్తయ్య దగ్గర. సాయంత్రం నేనే వెళ్లి తీసుకుంటాను. బస్ డిపో వెనక వీధి, టైలర్ షాపు మీద వాటా. ఒక్కతే ఉంటుంది.

ఆ కింద, ఆవిడ తలుపు తీసే మాట.

చెల్లెలు కూడా చదివింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుపు చప్పుడైతే అదీ తెర మీద పడుతుందని ఆమెకు తెలుసు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ కోసం రాశాడు. *జీపు పంపండి. మీరు మాట్లాడుతూనే ఉండండి. మాట ఆగితే వాడికి అనుమానం వస్తుంది.*

"అసలు ఈ కేసులో ఏముందని?" ఇన్‌స్పెక్టర్ గొంతు హెచ్చించాడు. ఒక చేత్తో తన ఫోన్‌లో గబగబా మెసేజ్ కొడుతున్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వ్యాపారం సాగక చచ్చాడు. ఎల్లుండికి ఫుల్‌స్టాప్ పెట్టేస్తాను. నా పేరే అది." మాటలు అంత మొరటుగా వస్తుంటే ఆయన కళ్లు చెల్లెలి వైపు క్షమాపణ అడుగుతున్నట్టు చూశాయి. ఆమె అర్థమైందని తలూపింది. ఆయన తన ఫోన్ తెర డిటెక్టివ్‌కు చూపించాడు. జీపు నుంచి జవాబు: *పది నిమిషాలు సార్.*

డిటెక్టివ్ చెల్లెలి ఫోన్‌లో అత్తగారి నంబరు చూసుకుని, బయటికి వచ్చి, కారిడార్ చివరికి నడిచాడు. గోడ మీది చెవికి అక్కడి మాట అందదు. తన ఫోన్‌లో నంబరు నొక్కాడు.

చాలాసేపు మోగింది. ఎత్తారు.

"ఎవరూ?" అంది ముసలి గొంతు, చెవికి ఆనించిన ఫోన్ దూరంగా జరపాల్సి వచ్చేంత గట్టిగా.

"అమ్మా, మీ కోడలు పంపితే చేస్తున్నాను. కాస్త మెల్లగా మాట్లాడండి. ఇంట్లో ఒక్కరే ఉన్నారా?"

"మెల్లగా ఎందుకు నాయనా, నాకేం దొంగసొత్తా? ఒక్కదాన్నే ఎందుకుంటాను, డిటెక్టివ్ గారు వచ్చారుగా. ఇదిగో ఎదురుగా కూర్చుని మంచినీళ్లు తాగుతున్నారు. పాలు పొంగలేదన్నారు, తలుపు తీశాను." దగ్గింది, రెండుసార్లు. "ఎంత మర్యాదస్థుడనీ. మావాడు ఒక మూల, కోడలు ఒక మూల విసిరేసిన చెప్పులన్నీ గుమ్మంలో జతలు జతలుగా సర్ది మరీ లోపలికొచ్చాడు."

డిటెక్టివ్ తన చేతిలోని బూట్లవైపు చూశాడు. అతను గుమ్మం దాటి వచ్చేవరకూ ఆ చెల్లెలు కుర్చీలోంచి లేవనే లేదు.

"అమ్మా, నేను చెప్పేది వినండి. ఏమీ అనకండి. రాంగ్ నంబరు అని మాత్రం..."

"ఏంటీ? గొణుగుతావేం నాయనా?" ఆవిడ, కోడలికి ఏదో ఒక రోజు వినపడుతుందని ఇన్నేళ్లుగా అరిచిన ఆ గొంతుతోనే, ఇల్లంతా వినపడేలా అడిగింది. "డిటెక్టివ్ గారు ఇక్కడుంటే, మరి నువ్వెవరు?"

ఆ వైపు ఎవరో గ్లాసును బల్ల మీద పెట్టారు, నెమ్మదిగా, చప్పుడు కాకుండా పెట్టడం అలవాటైన చేత్తో.

లోపల ఇన్‌స్పెక్టర్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. చెల్లెలు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, ఫోన్‌ను డిటెక్టివ్ వైపు ఎత్తి పట్టుకుంది. చిన్న కన్ను పక్కన ఇప్పుడు ఒకటి ఉంది.